హెచ్4 రిసెప్టార్ మందులు ఇరవై ఏళ్లయినా ఎందుకు గట్టెక్కలేదు?

ప్రశ్న: ఎం.ఫార్మ్ రెండో ఏడు, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను ఫార్మకాలజీలో ఎం.ఫార్మ్ చదువుతున్నాను. వాపు జబ్బులకు హిస్టమిన్ (అలర్జీలో ఒంట్లో విడుదలయ్యే పదార్థం) రిసెప్టార్ల (కణాల మీద అది అతుక్కునే ప్రోటీన్ల) మీద పనిచేసే మందుల తయారీ గురించి వచ్చే నెల సెమినార్ ఇవ్వాలి. ఈ అంశం మీదికి మనసు పోవడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా నాన్నగారు మిరప రైతు. నాలుగేళ్లుగా, గట్ల మీద వయ్యారిభామ పూతకు వచ్చిందంటే చాలు, ఆయన కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి చర్మం మందమైపోతోంది. ఊళ్లో మెడికల్ షాపు నుంచి సెట్రిజిన్ తెచ్చుకుని వేసుకుంటే మగతగా పడుకుంటారు గానీ, తెల్లవారి చూస్తే దుప్పటి మీద గోకిన నెత్తుటి చారలు అలాగే ఉంటాయి. అదే సెట్రిజిన్, రొయ్యలు తిన్నప్పుడు మా చెల్లెలికి వచ్చే దద్దుర్లను గంట, గంటన్నరలో అణచివేస్తుంది. ఒకే ఇంట్లో ఒకే బిళ్ల ఒకరికి పనిచేసి మరొకరికి పనిచేయకపోవడం ఏమిటని వెతకబోయి హెచ్4 అనే హిస్టమిన్ రిసెప్టార్ దగ్గర ఆగాను.

హిస్టమిన్‌కు నాలుగు రిసెప్టార్లు ఉన్నాయని, హెచ్1ను అడ్డుకునే మందులు అలర్జీకి, హెచ్2ను అడ్డుకునేవి కడుపులో ఆమ్లానికి, హెచ్3 మీద పనిచేసేవి నిద్ర జబ్బుకు వచ్చాయని చదివాను. హెచ్4 మాత్రం ఇసినోఫిల్స్, మాస్ట్ కణాలు, డెండ్రిటిక్ కణాలు, టి-కణాల మీద ఉంటుందట. అంటే వాపును నడిపించే కణాల మీదే ఉందన్నమాట. ఎలుకల్లో దాన్ని అడ్డుకుంటే దురద, ఉబ్బసం లక్షణాలు తగ్గాయని ఎన్నో వ్యాసాలు చెబుతున్నాయి. మరి ఈ జన్యువును గుర్తించి పాతికేళ్లు కావస్తున్నా, వాపు జబ్బులకు హెచ్4 మందు ఒక్కటి కూడా షాపులోకి రాలేదెందుకు? లోపం రిసెప్టార్‌ను ఎంచుకోవడంలో ఉందా, తయారైన అణువుల్లో ఉందా, ట్రయల్స్ నడిపిన తీరులో ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: చర్మవైద్యం, కర్నూలు

మీ ప్రశ్నలో వైద్యానికి సంబంధించిన భాగం వరకు నేను చెబుతాను. మందుల తయారీ గురించి ఆ రంగంలో ఉన్నవారు చెబితే బాగుంటుంది.

మీ చెల్లెలి దద్దుర్లను, మీ నాన్నగారి చర్మాన్ని మనం దురద అనే ఒక్క మాటతో కలిపేస్తాం గానీ లోపల నడిచే కథలు వేరు. అలర్జీకి ప్రిక్ టెస్ట్ చేసేటప్పుడు ముంజేతి లోపలి వైపు వరుసగా చుక్కలు పెట్టి, ఒక్కో చుక్క గుండా చర్మం పైపొరను మాత్రం లాన్సెట్‌తో గుచ్చుతాం. ఆ వరుసలో ఒక చుక్క ఉత్త సెలైన్, మరొకటి మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల హిస్టమిన్ ఉన్న ద్రావణం. కాసేపటికి హిస్టమిన్ గుచ్చిన చోట దోమ కుట్టినట్టు పాలిపోయిన దద్దురు లేచి, చుట్టూ ఎర్రటి వలయం పాకుతుంది. రోగి చేయి తనకు తెలియకుండానే అక్కడికి పోతుంది, గోకవద్దని మందలించవలసి వస్తుంది. పావుగంటకు స్కేలు పెట్టి కొలిస్తే ఆ దద్దురు కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. లేకపోతే నేను మొదట అడిగేది సెట్రిజిన్ ఎప్పుడు వేసుకున్నారని. హెచ్1 మూతపడి ఉంటే ఆ దద్దురు లేవదు, పరీక్ష వృథా అవుతుంది. అందుకే దాదాపు వారం ముందు నుంచి ఆ బిళ్లలు ఆపమంటాం. చర్మాన్ని గట్టిగా గీస్తే ముందు ఎర్రటి గీత, తర్వాత చుట్టూ ఎరుపు, చివరికి ఉబ్బు వస్తాయని థామస్ లూయిస్ అనే వైద్యుడు లండన్‌లో 1920లలోనే వర్ణించి, దీని వెనక హిస్టమిన్ లాంటి పదార్థం ఉండాలని ఊహించాడు. మీ చెల్లెలి ఒంటి మీద జరిగేది ఇదే, కాబట్టి బిళ్ల పనిచేస్తుంది. అయితే ఒక మాట. రొయ్యలు తిన్నాక దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకున్నా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా సెట్రిజిన్‌ను నమ్ముకుని కూర్చోకూడదు. అప్పుడు కావలసింది ఆడ్రినలిన్ ఇంజెక్షన్. ఆమెను ఒకసారి అలర్జీ వైద్యులకు చూపించండి.

మీ నాన్నగారిది వేరు దారి. మీరు చెప్పిన కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు, మొక్క నూగు గాలిలో వచ్చి వాలే చోట్లు. చూడకుండా రోగనిర్ణయం చేయకూడదు గానీ, వయ్యారిభామ వల్ల వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్‌ను (తగలడం వల్ల వచ్చే చర్మపు వాపును) ముందుగా అనుమానించాలి. ఆ మొక్కలోని పార్థెనిన్ అనే పదార్థాన్ని గుర్తుపట్టి దాడికి దిగేవి టి-కణాలు. ఆ దాడి నిమిషాల్లో కాదు, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అక్కడ హిస్టమిన్ పాత్ర స్వల్పం. సెట్రిజిన్ ఆయనకు ఇచ్చింది దురద నుంచి ఉపశమనం కాదు, మెదడులోని హెచ్1ను కొంత మూసినందువల్ల వచ్చిన మగత మాత్రమే. మెలకువను నిలిపి ఉంచే పనిలో అక్కడి హిస్టమిన్‌కు పెద్ద వాటా ఉంది.

అటోపిక్ డెర్మటైటిస్ అనే దీర్ఘకాలపు దురద చర్మవ్యాధిలోనూ ఇదే చిక్కు. దద్దుర్ల జబ్బుకైతే కొత్త తరం హెచ్1 మందులను మామూలు మోతాదుకు నాలుగింతల వరకు పెంచవచ్చని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి, చాలామందికి గుణం కనిపిస్తుంది. అటోపిక్ డెర్మటైటిస్‌లో అలా పెంచుకుంటూ పోయినా పెద్దగా ఒరిగేది లేదు. అక్కడ నరాలను నేరుగా రేపేవి ఐఎల్-4, ఐఎల్-13, ఐఎల్-31 లాంటి సైటోకైన్లు, అంటే రోగనిరోధక కణాలు వదిలే సంకేత ప్రోటీన్లు. ఐఎల్-4, ఐఎల్-13 దారులు రెండింటినీ మూసే డుపిలుమాబ్‌కు 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఐఎల్-31 రిసెప్టార్‌ను పట్టుకునే నెమోలిజుమాబ్‌ను జపాన్ 2022లో ఈ జబ్బులోని దురదకే అనుమతించింది. హెచ్1 మూసినా ఆగని దురదకు కారణం హెచ్4 అయి ఉండవచ్చన్న ఆశ ఈ ఖాళీలోనే పుట్టింది. ఆ ఆశలో తర్కం ఉంది, కాదనను. అయితే హెచ్1 కాకపోతే తప్పకుండా హెచ్4 అయి ఉండాలన్న నియమమేమీ లేదు కదా. అసలు హిస్టమినే ముఖ్యం కాకపోవచ్చు.

జవాబు: బెంచి కెమిస్ట్, హైదరాబాద్

డాక్టరుగారు చివర అన్న మాట దగ్గర నుంచే మొదలుపెడతాను. ఒక మందు పడిపోయినప్పుడు మా లాబ్‌లో మొదట వేసుకునే ప్రశ్న ఒకటుంది: పడిపోయింది అణువా, లక్ష్యమా? అణువు తప్పయితే మరో అణువు చేసుకోవచ్చు. లక్ష్యమే తప్పయితే ఎన్ని అణువులు చేసినా బూడిదలో పోసిన పన్నీరే. హిస్టమిన్ మందుల చరిత్రలో ఈ రెండు రకాల పతనాలూ ఉన్నాయి కాబట్టి కొంచెం వెనక్కు వెళ్లి చెప్పక తప్పదు.

పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డేనియల్ బోవె, ఆన్-మేరీ స్టౌబ్ 1937లో చూపిన మొదటి హిస్టమిన్ విరోధి మనుషులకు ఇవ్వలేనంత విషపూరితం. అయినా దారి తెరుచుకుంది, 1940లలోనే వాడదగిన మందులు వచ్చాయి. అవి తుమ్ములను, దద్దుర్లను ఆపాయి గానీ కడుపులో ఆమ్లాన్ని మాత్రం కదపలేకపోయాయి. హిస్టమిన్ ఇస్తే ఆమ్లం పెరగడం మాత్రం అందరికీ తెలుసు. కాబట్టి రెండో రిసెప్టార్ ఉండి తీరాలని జేమ్స్ బ్లాక్ పట్టుబట్టి, ఇంగ్లండ్‌లోని వెల్విన్‌లో స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ ప్రయోగశాలలో 1964 నుంచి వెతికాడు. హిస్టమిన్ అణువునే పట్టుకుని దాని తోకను సాగదీస్తూ, ఒక్కో గుంపును మారుస్తూ కెమిస్టులు వందల సమ్మేళనాలు చేశారు. 1972లో బ్యూరిమమైడ్ హెచ్2 ఉందని నిరూపించింది గానీ నోటి ద్వారా ఇస్తే సరిగా ఒంటికి పట్టలేదు. తర్వాత వచ్చిన మెటియమైడ్ బ్రహ్మాండంగా పనిచేసింది, పుండ్లు మానాయి. ఇక గెలిచినట్టే అనుకుంటున్న సమయంలో కొందరు రోగుల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. దాన్నే అగ్రాన్యులోసైటోసిస్ అంటారు.

ఇక్కడే హెచ్2ను మూస్తే ఎముక మూలుగ దెబ్బతింటుందని తీర్మానించుకుని ఫైలు మూసేసి ఉండవచ్చు. వాళ్లు అలా చేయలేదు. అనుమానం మెటియమైడ్‌లోని థయోయూరియా గుంపు మీదికి పోయింది. దాని స్థానంలో సయనోగ్వానిడీన్ పెట్టారు. అదే సిమెటిడీన్. 1976లో బ్రిటన్ మార్కెట్లోకి వచ్చింది, బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. మన ఇళ్లల్లో గ్యాస్ బిళ్ల అంటూ రానిటిడిన్, ఫామోటిడిన్ మింగిన తరానికి మూలం ఆ ఒక్క గుంపు మార్పిడి. తప్పు అణువుది, లక్ష్యానిది కాదు.

హెచ్1లోనూ ఇలాంటిదే జరిగింది. మగత రాని మందని పేరు తెచ్చుకున్న టెర్ఫెనడీన్, కీటోకొనజోల్ లేదా ఎరిత్రోమైసిన్‌తో కలిస్తే రక్తంలో పేరుకుపోయి గుండె లయను దెబ్బతీసింది. దానికి హెచ్1తో సంబంధం లేదు, గుండెలోని హెర్గ్ అనే పొటాషియం ద్వారాన్ని అది మూసేయడమే కారణం. శరీరం టెర్ఫెనడీన్‌ను మార్చి తయారుచేసుకునే ఫెక్సోఫెనడీన్‌లో ఒక కార్బాక్సిలిక్ ఆమ్లపు గుంపు ఉంటుంది, దానికి ఆ దోషం లేదు. కాబట్టి దాన్నే మందుగా తెచ్చి, పాతదాన్ని 1998లో అమెరికాలో తీసేశారు. ఇవాళ హైదరాబాద్ నుంచి విదేశాలకు పోతున్న అలర్జీ మందుల్లో ఫెక్సోఫెనడీన్ కూడా ఉంది.

ఇప్పుడు మీ హెచ్4. 2000, 2001 సంవత్సరాల్లో అనేక బృందాలు దాదాపు ఒకేసారి ఈ రిసెప్టార్ జన్యువును పట్టుకున్నాయి. దాని వరుస హెచ్3కి దగ్గరగా ఉండటం వల్ల హెచ్3 మందులు కొన్ని దీన్నీ పట్టుకుంటాయి. థయోపెరమైడ్ అందుకు ఉదాహరణ. కాబట్టి మొదట హెచ్4ను మాత్రమే పట్టుకునే అణువు కావలసి వచ్చింది. జాన్సన్ అండ్ జాన్సన్ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన జెఎన్‌జె-7777120 ఆ లోటు తీర్చింది. ఒక వైపు క్లోరిన్ ఉన్న ఇండోల్, మరో వైపు మిథైల్ పైపరజీన్, మధ్యలో అమైడ్ వంతెన, అంతే. చూడటానికి ఎంత సాదాసీదాగా ఉంటుందో, హెచ్4ను మిగతా మూడింటి నుంచి వేరుచేయడంలో అంత నిక్కచ్చిగా ఉంటుంది. మీరు చదివిన ఎలుకల వ్యాసాల్లో ఎక్కువ భాగం దీనితో చేసినవే. కానీ అది శరీరంలో ఎక్కువసేపు నిలవదు. పైగా జంతువుల్లో అడ్రినల్ గ్రంథులను దెబ్బతీసింది. అందువల్ల మనుషుల దాకా రాలేదు.

ఆ కంపెనీ తర్వాతి అణువు జెఎన్‌జె-39758979. ఆరోగ్యవంతులైన వాలంటీర్ల చర్మంలోకి హిస్టమిన్ ఇచ్చి చూస్తే ఇది దురదను తగ్గించింది గానీ దద్దురును, ఎర్రదనాన్ని తగ్గించలేదు. ఈ ఒక్క ఫలితం ముందు నేను చాలాసేపు ఆగిపోయాను. డాక్టరుగారు స్కేలుతో కొలిచే దద్దురు అలాగే ఉంది, గోకాలన్న కోరిక తగ్గింది. మనుషుల్లో హిస్టమిన్ దురదకు హెచ్4తో సంబంధం ఉందనడానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం నాకు కనబడలేదు. ఆ నమ్మకంతో జపాన్‌లో అటోపిక్ డెర్మటైటిస్ రోగుల మీద ట్రయల్ మొదలుపెట్టారు. పెద్ద మోతాదు తీసుకున్న ఇద్దరిలో తెల్లకణాలు పడిపోయాయి. ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు.

మెటియమైడ్ తర్వాత నలభై ఏళ్లకు అదే కుటుంబంలో అదే ప్రమాదం. నిజానికి హెచ్4 ఎముక మూలుగలో బాగా కనిపించే రిసెప్టార్ కాబట్టి భయం మరీ ఎక్కువైంది. అయినా పరిశోధకులు లక్ష్యాన్ని కాక ఆ అణువునే అనుమానించారు. వేరే నిర్మాణం ఉన్న టోరిఫోరంట్‌తో ముందుకు వెళ్లారు. దానితో ఆ తెల్లకణాల సమస్య కనబడలేదు. కానీ కీళ్లవాతంలో పెద్ద మోతాదుతో చేసిన తొలి ట్రయల్‌ను ఒక రోగి మరణించడంతో ఆపవలసి వచ్చింది. తక్కువ మోతాదులతో చేసిన పెద్ద ట్రయల్‌లో గుణం కనిపించలేదు. ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉన్న ఉబ్బసంలో ఫలితం శూన్యం. సోరియాసిస్‌లో కొంత కదలిక ఉన్నా ముందుగా పెట్టుకున్న గీతను దాటలేదు.

చూశారా, ఇక్కడ కథ మెటియమైడ్ దారి వదిలేసింది. మెటియమైడ్ విషం గానీ పుండును మాన్పింది. టోరిఫోరంట్ ఏ జబ్బునూ గట్టిగా కదిలించలేకపోయింది. అణువును మార్చినా జబ్బు కదలనప్పుడు అనుమానం లక్ష్యం మీదికి పోకుండా ఎలా ఉంటుంది?

జవాబు: ట్రయల్ గణాంకాలు, న్యూజెర్సీ

మాది ఒంగోలు దగ్గర, ప్రస్తుతం ఇక్కడ క్లినికల్ ట్రయల్స్ గణాంకాల పని చేస్తున్నాను. పై జవాబులో రాని ముఖ్యమైన అణువు ఒకటుంది. దాన్ని చూస్తే తప్ప లక్ష్యం మీద తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది.

అది జడ్‌పిఎల్-389. మొదట ఫైజర్‌లో పుట్టి, జియార్కో అనే చిన్న కంపెనీకి చేరింది. మధ్యస్థం నుంచి తీవ్రం దాకా అటోపిక్ డెర్మటైటిస్ ఉన్న 98 మంది పెద్దవారికి రోజుకు 30 మిల్లీగ్రాములో, ఉత్తుత్తి బిళ్లో 8 వారాలు ఇచ్చారు. చర్మం మీద జబ్బు ఎంత ఉందో కొలిచే ఈఏఎస్ఐ స్కోరు మందు తీసుకున్నవారిలో 50 శాతం, ఉత్తుత్తి బిళ్ల వారిలో 27 శాతం తగ్గింది. ఈ ఫలితాలు చూసే నొవార్టిస్ జియార్కోను కొన్నది. అయితే ఆ ట్రయల్‌కు ప్రధాన కొలమానంగా పెట్టుకున్నది చర్మం స్కోరు కాదు, దురద. మందు తీసుకున్నవారిలో దురద దాదాపు మూడు పాయింట్లు తగ్గిన మాట నిజమే. ఉత్తుత్తి బిళ్ల వారిలోనూ బాగానే తగ్గింది కాబట్టి, రెండు గుంపుల మధ్య తేడా గణాంకాలపరంగా నిలబడలేదు.

దీన్ని ఒక్క క్షణం ఆలోచించండి. దురదను ఆపుతుందని కట్టిన సిద్ధాంతం దురదలో ఓడి, చర్మంలో గెలిచింది. మా వృత్తిలో ఇలాంటి ఫలితం కనిపిస్తే సంతోషం కంటే ముందు అనుమానం రావాలి. ప్రధాన కొలమానం ఓడిపోయాక మిగతావాటిలో బాగున్నదాన్ని ఎత్తి చూపడం, బాణం వేసిన చోట గురి గీసుకోవడంతో సమానం. పైగా ఒక్కో గుంపులో కొన్ని పదుల మందే ఉన్నారు. ఈ జబ్బు దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా పెరిగి ఉన్నప్పుడే జనం ట్రయల్‌లో చేరతారు కాబట్టి, ఏ మందూ ఇవ్వకపోయినా కొంత తగ్గుతుంది. ట్రయల్‌లో ఉన్నన్నాళ్లూ క్రీములు శ్రద్ధగా పూసుకోవడం ఒకటి. ఆ 27 శాతం అలా వచ్చిందే. తర్వాత నొవార్టిస్ పెద్ద ఎత్తున మోతాదులు మార్చి నడిపిన ట్రయల్‌లో చర్మం స్కోరులోనూ తేడా నిలవలేదు. 2020లో ఆ మందును వదిలేశారు. కొరియా కంపెనీ జేడబ్ల్యూ దగ్గర నుంచి లియో ఫార్మా 2018లో తీసుకున్న మరో హెచ్4 అణువు కూడా ఇదే జబ్బులో గీత దాటలేక ఆగిపోయింది.

కెమిస్ట్ గారి మాటతో నాకు ఒక్కచోట చిన్న భేదాభిప్రాయం ఉంది. లక్ష్యమే తప్పు అనే కంటే, ఈ జబ్బుల్లో ఈ లక్ష్యం ఒక్కటే చాలదు అనడం సాక్ష్యానికి దగ్గరగా ఉంటుంది. వాలంటీర్లలో దురద తగ్గిందంటే, అక్కడ దురద పుట్టించింది మనం గుచ్చిన హిస్టమినే. రోగి చర్మంలో దురద పుట్టించేవి పది ఉన్నప్పుడు ఒక్కదాన్ని ఆపితే మిగతా తొమ్మిది ఊరుకుంటాయా? ఇంకా ఒక సంగతి. ఈ మందులు పరీక్షలో ఉండగానే పోటీ మారిపోయింది. డుపిలుమాబ్ వచ్చింది. 2022 జనవరిలో అబ్రోసిటినిబ్, ఉపాడాసిటినిబ్ అనే, సైటోకైన్ల సంకేతాలను కణం లోపల ఆపే జాక్ నిరోధక బిళ్లలకు ఈ జబ్బులో అమెరికా అనుమతి వచ్చింది. అవి దురదను రోజుల్లోనే తగ్గిస్తాయి, అయితే వాటి మీద తీవ్రమైన హెచ్చరికలు కూడా ఉన్నాయి. వాటి పక్కన నిలబడాలంటే కొద్దిపాటి గుణం చాలదు, ఏ కంపెనీ దానికి డబ్బు పెట్టదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. అణువు తప్పా, లక్ష్యం తప్పా అన్న విభజన మీదే సెమినార్‌ను నడపాలని అనుకుంటున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. ఎలుకల్లో అంత చక్కగా పనిచేసింది మనుషుల్లో ఎందుకు పనిచేయలేదో జబ్బు తేడాతోనే వివరించవచ్చా, రిసెప్టార్‌లోనే తేడా ఉందా? ప్రాజెక్టుకు హెచ్4 మీద డాకింగ్ (అణువు రిసెప్టార్‌లో ఎలా కూర్చుంటుందో కంప్యూటర్‌లో చూడటం) చేయమని మా గైడ్ అంటున్నారు. అది ఉపయోగపడుతుందా?

జవాబు: బెంచి కెమిస్ట్, హైదరాబాద్

న్యూజెర్సీ మిత్రుల సవరణను ఒప్పుకుంటున్నాను. తప్పు అన్నది పెద్ద మాట, చాలదు అన్నదే సరైనది.

రిసెప్టార్‌లోనే తేడా ఉంది. మనిషి హెచ్4 నానోమోలార్ స్థాయి (చాలా కొద్దిపాటి) హిస్టమిన్‌కే స్పందిస్తుంది, ఎలుకల హెచ్4కు అంతకంటే చాలా ఎక్కువ కావాలి. మందులు అతుక్కునే బలం కూడా జాతిని బట్టి మారిపోతుంది. ఇంకో చిక్కు 2011లో బయటపడింది. మనం విరోధి అనుకున్న జెఎన్‌జె-7777120, మనిషి హెచ్4 దగ్గర కణం లోపలికి సంకేతం పంపే జీ-ప్రోటీన్ దారిని మూస్తూనే బీటా-అరెస్టిన్ అనే మరో ప్రోటీన్‌ను తనే పిలుచుకొస్తుంది. ఒక చేత్తో తలుపు మూసి మరో చేత్తో కిటికీ తీసినట్టన్నమాట. ఆ అణువుతో వచ్చిన ఫలితాలన్నింటినీ హెచ్4 మూయడం వల్ల వచ్చినవే అని చదవడం ఇక కుదరదు. మీ సెమినార్‌లో ఎలుకల వ్యాసం ఏది చూపినా, అందులో వాడిన అణువు పేరు పక్కనే రాయండి.

డాకింగ్ గురించి నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉండవచ్చు. హెచ్1 స్ఫటిక నిర్మాణం డాక్సెపిన్‌తో కలిపి 2011లోనే వచ్చింది. హెచ్4 నిర్మాణాలు క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ ద్వారా 2023లో వచ్చాయి. కాబట్టి హెచ్1 నమూనా మీద ఊహించి కట్టిన పాత బొమ్మలు వాడకుండా అసలు నిర్మాణం తీసుకోండి. అయితే స్కోరు బాగా వచ్చిన పది అణువుల పట్టిక ఇచ్చి ఆపితే ఎవరికీ ఉపయోగం లేదు. ఇంతవరకు రోగుల దాకా వెళ్లినవాటిలో జెఎన్‌జె-39758979, టోరిఫోరంట్, జడ్‌పిఎల్-389 మూడింటినీ మనిషి హెచ్4లోనూ ఎలుక హెచ్4లోనూ కూర్చోబెట్టి, తేడా ఏ అమైనో ఆమ్లం దగ్గర వస్తోందో చూడండి. చిన్న ప్రశ్నే, కానీ జవాబు ఉన్న ప్రశ్న.

మీరు హెచ్3 గురించి ఒక్క ముక్కలో దాటేశారు. వాపుతో సంబంధం లేకపోయినా అది చదవదగిన కథ. పిటోలిసంట్ 2016లో యూరప్‌లో, పగలు ఆపుకోలేని నిద్ర వచ్చే నార్కోలెప్సీకి వచ్చింది. మన హైదరాబాద్‌లోని సువెన్ లైఫ్ సైన్సెస్ కూడా సామెలిసంట్ అనే హెచ్3 అణువును తయారుచేసి, అదే జబ్బు ఉన్నవారిలో రెండో దశ ట్రయల్ దాకా తీసుకెళ్లింది. అక్కడ హిస్టమిన్ పాత్ర సూటిగా ఉంటుంది, మెదడులో దాని విడుదల పెరిగితే మెలకువ పెరుగుతుంది. హెచ్4కు అంత సూటి జబ్బు ఇంకా ఎవరికీ దొరకలేదు.

జవాబు: చర్మవైద్యం, కర్నూలు

సెమినార్ సంగతి మిత్రులు చూసుకున్నారు కాబట్టి నేను మీ నాన్నగారి దగ్గరికి తిరిగి వస్తాను. ఆయన్ను దగ్గరలోని చర్మవైద్యుల దగ్గరికి తీసుకెళ్లి ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి. పార్థీనియం (వయ్యారిభామ) సారం ఉన్న పట్టీని వీపు మీద అంటించి, రెండు రోజుల తర్వాత తీసి ఒకసారి, మళ్లీ నాలుగో రోజు ఒకసారి చూస్తారు. ఈలోగా ఆ మొక్క పూతకు రాకముందే గట్లు శుభ్రం చేయించండి. ఆ పని ఆయన చేత మాత్రం చేయించవద్దు. పీకిన మొక్కలను కాల్చకండి, ఆ పొగ కూడా ముఖానికి తగులుతుంది. పొలం పోయేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, మెడకు తువ్వాలు ఉండాలి. రాగానే స్నానం చేసి ఆ బట్టలు విడిగా ఉతకాలి. చర్మం అప్పటికే మందమైపోయిందంటే పూత మందులతో సరిపోకపోవచ్చు, రోగనిరోధక శక్తిని అదుపు చేసే బిళ్లలు కొన్ని నెలలు వాడవలసి రావచ్చు. అది వైద్యులు రక్తపరీక్షలు చేయిస్తూ ఇవ్వవలసిన మందు, షాపులో అడిగి తెచ్చుకునేది కాదు.

మీ సెమినార్‌కు పనికివచ్చే మాట ఒకటి ఇందులోనే ఉంది. మీ చెల్లెలికి ప్రిక్ టెస్ట్ చేయాలంటే వారం ముందు నుంచి సెట్రిజిన్ ఆపాలి. మీ నాన్నగారికి ప్యాచ్ టెస్ట్ చేయాలంటే దాన్ని ఆపనక్కరలేదు, స్టెరాయిడ్ బిళ్లలు వాడుతుంటే ఆ సంగతి మాత్రం ముందుగా చెప్పాలి.